వామిలో చెయ్యి

హదీజా కారు డిక్కీ ఎత్తగానే ఎండిన జొన్న చొప్ప వాసన వచ్చింది. కొంచెం తీపి, కొంచెం దుమ్ము. అక్కడ ఎద్దు లేదని తెలిసినా నాకు ఎద్దు మూతి తడి కూడా తగిలినట్టయింది. అమెరికాలో డాలస్ పక్కనున్న ఈ కాపెల్‌కు నేను వచ్చి నాలుగేళ్ళయింది. ఈ ఊరి వాసనలు నాకు బాగానే తెలుసు: వారానికోసారి మిషన్లు కోసే గడ్డి వాసన, ఇళ్ళ పక్క గొట్టాల్లోంచి వచ్చే బట్టలారబెట్టే మిషను వేడి వాసన, వాన పడితే పార్కింగ్ తారు వాసన. జొన్న చొప్ప వాసన వీటిలోది కాదు. అరవై ఏళ్ళకు పైగా నేను కావాలని దగ్గరికి రానివ్వని వాసన అది. ఎందుకు రానివ్వలేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను. అక్షరాలు నాకు యాభై దాటాక వచ్చాయి, అంగన్‌వాడీ గదిలో మధ్యాహ్నాలు కూర్చుని నేర్చుకున్నాను, కాబట్టి చుట్టు తిప్పి చెప్పడం నాకు చేతకాదు.

మా ఇళ్ళ వెనక వాగు పక్కన ఒక తోట ఉంది. దాన్ని మడులుగా చేసి అడిగిన వాళ్ళకు ఇస్తారు. మా బిడ్డ కవిత పేరు మీద ఒక మడి ఉంటే అందులో నేను గోంగూర, సొర, బెండ వేస్తాను. పక్క మడి హదీజాది. ఆమెది నైజీరియా ఉత్తరాన, ఇసుక మొదలయ్యే సీమ. ఇక్కడ ఆసుపత్రిలో నర్సు. మనిషి పొడుగు, మాట నెమ్మది, నవ్వితే మాత్రం తోటంతా వినిపిస్తుంది. అందరూ టమాటాలు పెట్టుకుంటే ఆమె తన మడి నిండా మనిషెత్తు దాటే జొన్న వేసింది. నేను మొదటి ఏడాదే ఆ ఆకు గుర్తుపట్టాను. గుర్తుపట్టి, అటు వైపు వీపు పెట్టి నా గోంగూర నేను కోసుకున్నాను.

మొన్న అక్టోబరులో, చేను ఎండిపోయాక, ఆమె శనివారాలు తోటలో ఉన్న షెడ్డు కింద పిల్లలకు బొమ్మలు చేయడం నేర్పడం మొదలుపెట్టింది. ఆఫ్రికా పిల్లల కళ అని కాగితం అంటించారు. మా మనవరాలు సహస్రకు తొమ్మిదేళ్ళు, దాన్ని తీసుకుని నేనే పోయాను. మొదటి వారం తల్లులంతా సంచుల నిండా పేపర్ ప్లేట్లు, రంగు ఈకలు, మెరుపు జిగురు పట్టుకొచ్చారు. మొహాలకు పెట్టుకునే మాస్కులు చేయిస్తుందేమోనని వాళ్ళ ఆశ. హదీజా అవన్నీ చూసి, బాగున్నాయని మెచ్చుకుని, మళ్ళీ ఎవరివి వాళ్ళ సంచుల్లోనే పెట్టించింది. ఒక పిల్లవాడు సింహం చేద్దామన్నాడు. ఆమె తన జీవితంలో సింహాన్ని మొదటిసారి చూసింది డాలస్ జూలో, టికెట్టు కొనుక్కుని చూసింది. ఆ మాట చెప్పేసరికి వెనక కూర్చున్న నాన్నలు కూడా నవ్వారు.

ఆమె చెప్పింది సహస్ర నాకు తెలుగులో చెప్పింది. అక్కడి పిల్లలు ఎదురుగా ఏది కనిపిస్తే అది చేస్తారట, చేతికి ఏది దొరికితే దానితో చేస్తారట. ఇంటి చుట్టూ దంట్లతో కట్టిన కంచె, గింజలు పోసుకునే గుండ్రటి గాదె, వారానికోసారి సంతకు వచ్చే లారీ, ఒంటె, మామయ్య సైకిలు. కొన్న వస్తువు ఒక్కటీ ఉండదు. మీరు కూడా ఈ తోటలో దొరికేవే ఏరుకుని మీకు రోజూ కనిపించేవే చెయ్యండి, అప్పుడు అది మా ఊరి పద్ధతి అవుతుంది అంది. పిల్లలు చెట్ల కింద పికాన్ గింజల పెంకులు ఏరారు, ముదిరి ఎండిన బెండకాయలు తెచ్చారు, నా పందిరి మీద ఎండిపోయిన సొరకాయలు రెండు తెంపుకుపోయారు. ఇక్కడి నేల కూడా మా నల్లరేగడే, తడిపితే చేతిని వదలదు. ఆ మట్టితో గాదెలు చేశారు. జొన్న దంట్లు మాత్రం ఆమె తన మడిలో కోసి ఇంట్లో ఆరబెట్టినవి, డిక్కీలోంచి మోపుగా దించింది.

తోట వాళ్ళు కత్తులు వాడొద్దన్నారు. హదీజాకు అదేం ఇబ్బంది కాలేదు. దంటును కణుపు దగ్గర పట్టి, పంటితో గట్టి తొక్కను కొరికి, సర్రున కిందికి చీల్చింది. తెల్లటి బెండు వేరు, సన్నటి పేళ్ళు వేరు. బెండును గోటితో తుంచి ముక్కలు చేసింది, పేళ్ళను ఆ ముక్కల్లో గుచ్చింది. జిగురు లేదు, దారం లేదు, మేకు లేదు. దంటుకు దంటే మేకు. నా చెయ్యి నాకు తెలియకుండానే ఒక దంటు అందుకుని నోట్లో పెట్టుకుంది. కొరకబోతే పైపళ్ళ సెట్టు ఊడి చేతిలోకి వచ్చింది.

"అమ్మమ్మా, your teeth," అని సహస్ర చెవిలో అంది. "ఎవరూ చూళ్ళేదు. పెట్టుకో."

హదీజా చూసింది. చూసి, నీకు ఈ పని తెలుసు కదా అన్నట్టు తల ఎగరేసింది. నేను కాదన్నట్టు తల ఊపి పళ్ళు పెట్టుకున్నాను. అది అబద్ధం.

మా ఊరు జహీరాబాదుకు అవతల, నల్లరేగడి నేలల్లో ఉంటుంది. నా చిన్నప్పుడు దసరా పోయిన తర్వాత చెరువు కింది నాలుగు మళ్ళు తప్ప ఊరంతా తెల్లజొన్నే. చలికాలం పడేసరికి చేను మనిషిని మింగేసేది. లోపల నడుస్తున్న వాళ్ళ తల మీది గంప మాత్రమే పైన తేలుతూ పోయేది. కంకి పాలు పోసుకుని గట్టిపడే లోపల ఒక పది పదిహేను రోజులు ఉంటాయి, ఆ రోజుల్లో పిల్లలం ఇంటికి తిండికే పోయేవాళ్ళం కాదు. చేని గట్టున గుంత తీసి పిడకలు కాల్చి, ఆ నిప్పుల్లో కంకులు పెట్టి, కాలినవి గొంగడిలో వేసి నలిపితే పచ్చటి ఊచబియ్యం రాలేది. దాన్ని నువ్వుల పొడితో, బెల్లం ముక్కతో, మూతుల చుట్టూ మసి పూసుకుని, నాలుక కాలుతున్నా ఆగకుండా తినేవాళ్ళం. జొన్న రొట్టె, జొన్న గట్క, జొన్న అంబలి ఏడాది పొడుగునా ఉండేవే. తొలి ఏకాదశికి జొన్నలు పేలాలు వేయించి, బెల్లం కలిపి పిండి కొట్టేవారు. అది తింటూ మాట్లాడితే ఎదుటివాడి మొహం తెల్లబడేది, ఆ పండుగకు మాకు అదే ఆట.

మాఘంలో కోత. కంకులు కళ్ళానికి పోయాక చొప్పను మోపులు కట్టి ఇంటి దొడ్లో వామి వేసేవారు. వామి వేయడం ఎవరు పడితే వాళ్ళు చేసేది కాదు. దంటు మొదళ్ళు బయటికి, ఆకులు లోపలికి, బయటి వైపు కొంచెం వాలుగా, పడిన చినుకు జారి బయటికే పోయేట్టు పేర్చాలి. మా నాయిన పైన నిలబడి పేరుస్తుంటే మా అవ్వ, అంటే నాయిన తల్లి, కింద కుక్కి మంచంలో కూర్చుని అది వంకర, ఇది ఎత్తు అని తప్పులు పట్టేది. వామి వేసినంక దాని పూచీ అంతా అవ్వదే. వారానికోసారి, ఇరుకు సందున్న గోడ వైపు తప్ప, మూడు పక్కలా మోచెయ్యి దాకా చెయ్యి జొనిపి, కళ్ళు మూసుకుని కాసేపు ఉంచి, తీసి అరచెయ్యి వాసన చూసేది. లోపల చల్లగా, వాసన పొడిగా ఉంటే వామి మంచిగున్నట్టు. అవ్వ కళ్ళకు మసక వచ్చినాక కూడా ఆ పని ఇంకొకరికి ఇవ్వలేదు.

పిల్లలకు వామి ముట్టే హక్కు లేదు. ఎద్దులు మేసి గాడిలో వదిలేసిన మోటు దంట్లు మావి. అవి సగం నమిలి, చొంగతో తడిసి ఉండేవి. ఎండలో ఆరబెట్టుకుని వాటితోనే బండ్లు, తక్కెడలు, కళ్ళద్దాలు, నాగళ్ళు చేసుకునేవాళ్ళం. ఆ పనిలో ఊరి మొత్తానికి మొనగత్తె మా అక్క సత్తెమ్మ. నాకన్నా నాలుగేళ్ళు పెద్దది. ఆమె చేసిన బండికి చక్రాల్లో ఆకులు ఉండేవి, నొగ ఉండేది, కాడి ఉండేది, కాడికి అటొక ఎద్దు ఇటొక ఎద్దు, ఎద్దులకు మూపురాలు. ఒక ఎద్దు తల కొంచెం వంచి పెట్టేది. ఎందుకే అంటే, మన మైల ఎద్దు అట్లనే నడుస్తది గదనే అనేది. మాకు రెండెద్దులు, మాసిన తెలుపు మైల ఎద్దు, నల్లటి కర్రె ఎద్దు. ఆమె చేసినవి చూడగానే ఏది ఏదో చెప్పగలిగేవాళ్ళం. ఆమె చేస్తూ నాకు నేర్పేది. పేడును ఎక్కడ గుచ్చితే బెండు పగలదో నా వేలు పట్టుకుని చూపించేది. ఇప్పుడు నా వేళ్ళకు తెలిసినదంతా ఆమె వేళ్ళది.

మా వాడలో బడికి పోయే ఆడపిల్ల కూడా అక్క ఒక్కతే. సారు ఇంటికొచ్చి అడిగితే నాయిన పెద్దదాన్ని బడికి, చిన్నదాన్ని మేకలకు అని పంచాడు. ఆమె ఐదో తరగతి. సారు తూకాల లెక్కలు చెప్పడానికి అక్కతో బెండు తక్కెడ చేయించుకుని బల్ల మీద పెట్టుకున్నాడట. ఆ ముచ్చట ఇంట్లో నెల రోజులు నడిచింది.

రెండో శనివారం హదీజా పిల్లలకు తన ముచ్చట ఒకటి చెప్పింది. వాళ్ళ ఊళ్ళో మంచి దంట్లు ఎక్కడుంటాయంటే ఇంటి కంచెలోనే ఉంటాయట. పిల్లలు ఎవరూ చూడనప్పుడు ఒకటీ రెండూ లాగేవారట. ఒకసారి ఈమె లారీ చేద్దామని ఒకే చోట బోలెడు లాగేసరికి సందు పడి, పక్కింటి మేకలు దూరి, ఎండబోసిన గింజలన్నీ తిని పోయాయట. వాళ్ళమ్మ కర్ర తీసుకుని బావి చుట్టూ మూడు తిప్పలు తరిమిందట. ఆమె లేచి ఆ పరుగు కూడా పరుగెత్తి చూపించింది. పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. నేను లేచి గోంగూర మడి దగ్గరికి పోయి, నీళ్ళు పెట్టిన మడికే మళ్ళీ నీళ్ళు పెట్టాను.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు జొన్న బాగా పండింది. వామి ఇంటి కప్పును మించి లేచింది. అక్క బండి కన్నా పెద్ద బండి చేయాలని నాకు పంతం పట్టింది. గాడి దంట్లతో అది కాదు. వామి నడుమ ఉండే దంట్లు వేరు, ఎండ తగలదు, మంచు తగలదు, బెండు లావుగా, తెల్లగా, చెదరకుండా ఉంటుంది. మధ్యాహ్నం అందరూ కునుకు తీసేటప్పుడు వామికి గోడ వైపు, ఎవరూ తిరగని సందులోకి పోయి, నా భుజమెత్తున చెయ్యి జొనిపి లాగాను. బయటివి లాగితే కనిపిస్తుందని లోపలివి లాగాను. రోజుకు రెండు మూడు, పది రోజులు, ఒకే చోట. చివరికి నా చెయ్యి భుజం దాకా పోయేది. బండి మూరెడు పొడుగు వచ్చింది. దాన్ని కొట్టం చూరులో దాచుకుని రోజూ ఒకసారి చూసుకునేదాన్ని. ఎవరికీ చూపించలేదు. చూపిస్తే దంట్లెక్కడివని అడుగుతారు.

ఉగాది దాటాక రాళ్ళవాన పడింది. వాకిలంతా తెల్లగా రాళ్ళు పరుచుకుంటే అక్కా నేనూ గిన్నెల్లో ఏరుకుని చప్పరించాం. వామి సంగతి ఎవరికీ పట్టలేదు. పైన నాయిన కప్పిన కప్పు గట్టిది. గోడ వైపు బొక్కలోంచి నీళ్ళు దిగుతాయని నాకు మాత్రం పట్టాలి. పట్టలేదు.

రోహిణి ఎండల్లో సగం వామి మేత అయిపోయాక అవ్వ ఏదో అనుమానం వచ్చి, ఎప్పుడూ పోని గోడ వైపు సందులోకి పోయింది. చెయ్యి జొనిపి, ఎప్పటికన్నా ఎక్కువ సేపు ఉంచింది. తీసి వాసన చూడలేదు. చూడకుండానే నాయినను పిలిచింది.

"ఉడుకుతున్నది రా లోపల."

నాయిన పైనుంచి విప్పుకుంటూ వచ్చాడు. పైన బంగారంలాగా ఉంది. నడుమకు వచ్చేసరికి బూడిద రంగు బూజు, దాని కింద పొగాకులాగా నల్లగా, ముట్టుకుంటే ముద్ద ముద్దగా, పుల్లటి వాసన. నేను చేసిన బొక్క దగ్గర మొదలై కిందికి పోను పోను గొడుగులాగా పరుచుకుంది. ఎద్దుల ముందు వేస్తే మూతి పెట్టి, తుమ్మి, తిప్పుకున్నాయి. రెండు రోజులు పెంటకుప్పకు మోశారు. మోస్తూ మోస్తూ నాయినకు ఆ బొక్క దొరికింది. గోడకు ఆనించి కూర్చుని దాంట్లో తన చెయ్యి పెట్టి చూశాడు. ఆయన చెయ్యి పట్టలేదు. పిల్లల చెయ్యి పట్టేంత బొక్క.

"ఎవలు గుంజిండ్రు?"

అడుగుతూ అక్కను చూశాడు. అవ్వ అక్కను చూసింది. బెండు బొమ్మలంటే అక్క, ఇంకెవరు.

"నేను గాదు నాయినా," అంది అక్క.

నాయిన అప్పటిదాకా మమ్మల్ని కొట్టి ఎరగడు. ఆ రోజు ఎద్దులను తోలే ములుగర్రతో కొట్టాడు. నేను గాదు అని అక్క రెండోసారి అంది. మూడోసారి అనలేదు. నేను నీళ్ళ గాబు పక్కన నిలబడి ఉన్నాను. నాకు భయమేసింది, నిజమే, కానీ భయం ఒక్కటే కాదు. నేను చిన్నదాన్ని, చెప్పి ఉంటే రెండు దెబ్బలతో పోయేది. రోజూ పొద్దున అక్క పలక చంకన పెట్టుకుని పోతుంటే నేను మేకల వెంట పోయేదాన్ని. నాయిన కళ్ళల్లో ఆమె కూడా ఒకసారి చిన్నబోతే బాగుండునని నాకు అనిపించింది. ఎక్కువసేపు కాదు. ఆ కాసేపట్లోనే అన్నీ అయిపోయాయి.

ఆ ఏడు మృగశిర పొడిగా పోయింది. బయట గడ్డి లేదు, ఇంట్లో చొప్ప లేదు. రెంటిని చంపుకునే కన్నా ఒకదాన్ని బతికించుకుందామని మైల ఎద్దును సంతకు తోలుకుపోయారు. వారం తిరక్కుండా ఏరొక్క పున్నమి, అంటే ఏరువాక పండుగ, వచ్చింది. ఆ పండుగంటే మాకు ఎద్దులను వాగులో కడిగి, కొమ్ములకు రంగు వేసి, బొట్లు పెట్టి, బొబ్బట్ల లాంటి బచ్చాలు తినిపించి, డప్పుతో ఊరంతా ఊరేగించడం. ఆ ఏడు నాయిన ఎద్దును వీధిలోకి తేలేదు. ఒంటెద్దును ఏం ఊరేగిస్తారు. అవ్వ అలవాటు కొద్దీ రెండెద్దుల బచ్చాలు చేసింది. కర్రె ఎద్దు తన వంతు తిని, పక్క గుంజ వైపు చూసి, ఆ వంతు కూడా తింది. ఆ మధ్యాహ్నం నేను చూరులోంచి నా బండిని తీసి నీళ్ళు కాగే పొయ్యిలో పెట్టాను. బెండు కదా, కాలడానికి అంటుకున్నంత సేపు కూడా పట్టలేదు.

ఒంటెద్దుతో సేద్యం కాదు. పక్క చేను ఈశ్వరయ్యకూ ఒకటే ఎద్దు ఉంటే రెంటినీ కలిపి జోడు కట్టారు. ఆయన ఇంట్లో పనికి మనుషులు లేరు, అందుకని ఒప్పందంలో వాళ్ళ చేలో కలుపు తీయడానికి మా ఇంట్లోంచి ఒక మనిషి పోవాలి. మేకలను వదిలి నేను పోతే చిన్నదాన్ని, పని సాగదు. బడి తెరిచిన రోజు నాయిన అక్కతో "బడి సాలు" అన్నాడు, అంతే. అక్క ఏడవలేదు. పుస్తకాలు సారుకు ఇచ్చి వచ్చింది. పలక ఇంట్లోనే ఉండిపోతే అమ్మ దాన్ని పెరుగు కుండ మీద మూతగా పెట్టింది. నేను పెళ్ళయి పోయేదాకా ఆ కుండ మీద ఆ పలకే ఉంది. అక్క మళ్ళీ ఎప్పుడూ బెండు ముట్టలేదు. నేనూ ముట్టలేదు. ముట్టకపోతే చెప్పినంత పని అనుకున్నాను, చెప్పకుండానే నాయిన పోయాడు, అవ్వ పోయింది, అమ్మ పోయింది. మా అత్తగారి ఊళ్ళో పెద్దవాళ్ళకు చదువు చెప్పడం మొదలుపెట్టినప్పుడు అందరికన్నా ముందు నేనే పోయి కూర్చున్నాను. నా వల్ల బడి పోయింది ఆమెకు. అక్షరాలు వచ్చింది నాకు.

నాలుగో శనివారం పిల్లలు చేసినవన్నీ బల్లల మీద పేర్చారు. మట్టి గాదెలు, సొరకాయ డప్పులు, బెండకాయల చేపలు. దంట్లతో ఒకడు కారుకు కరెంటు పెట్టే స్తంభం చేశాడు, ఒకతె స్కూలు బస్సు చేసింది, ఇంకొకడు గరాజు తలుపు పైకీ కిందికీ ఆడేట్టు చేశాడు. హదీజా ఒక్కోదాని దగ్గర ఆగి ఇది ఎక్కడ చూశావని అడుగుతూ వస్తోంది. సహస్ర బండి చేసింది. నాలుగు వారాలుగా నేను చెప్పకపోయినా, ఇంట్లో నేను ఎప్పుడో మాట వరసకు చెప్పిన ఎడ్లబండిని పట్టుకుని చేసింది. చక్రాలు పికాన్ పెంకులు. కాడి సరిగ్గానే ఉంది. కాడికి ఒక పక్కే ఎద్దు ఉంది.

"రెండోదేదే?" అన్నాను.

"దంట్లు అయిపోయాయ్ అమ్మమ్మా. One చాలు కదా, చిన్న బండే."

నేను బల్ల మీద కూర్చుండిపోయాను. సహస్ర నీళ్ళ సీసా ఇచ్చింది. తాగి, అక్కడే దానికి మొత్తం చెప్పాను, వామి, బొక్క, మైల ఎద్దు, పలక. ఇంట్లో ఎవరికీ చెప్పనిది, మా ఆయనకు కూడా చెప్పనిది. హదీజా వచ్చి నిలబడితే సహస్ర ఆమెకు ఇంగ్లీషులో చెప్పింది. తను చెప్పిన మేకల కథకు నవ్విన మనిషి దీనికి నవ్వలేదు. ఒక మంచి దంటు వెతికి తెచ్చి నా ముందు పెట్టి, వేరే పిల్లల దగ్గరికి పోయింది.

"మరి పెద్దమ్మమ్మకి చెప్పావా, నువ్వే అని?" అంది సహస్ర.

"లేదు."

"Why? She's alive కదా."

ఆ సాయంత్రం, మా ఊళ్ళో ఆదివారం తెల్లవారాక, ఫోన్ చేశాను. ఇల్లరికపు పెళ్ళితో మా ఇంట్లోనే ఉండిపోయిన అక్కకు డెబ్భై ఏడు. మోకాళ్ళు తప్ప మనిషి గట్టిది. బస్సు బోర్డులు, మాత్రల అట్ట మీద పేర్లు చదువుతుంది. ఫోన్‌లో ఎప్పుడూ నుదురు మాత్రమే కనిపిస్తుంది. సహస్ర చేసిన బండి చూపిస్తే దగ్గరికి వంగింది.

"కాడి మంచిగ గుచ్చింది పిల్ల. ఇంకో ఎద్దేమాయె?"

చెప్పాను. వామిలో దంట్లు గుంజింది నేనేనక్కా, అని ముందే చెప్పేశాను, లేకపోతే చెప్పలేనని. చూరులో బండి దాచింది, పొయ్యిలో పెట్టింది, గాబు పక్కన నిలబడి చూసింది అన్నీ చెప్పాను. తెర మీద ఆమె నుదురు కదల్లేదు. ఫోన్ ఆగిపోయిందేమో అనుకున్నాను.

"నాయినకు చెప్పకపోతివి," అంది చివరికి.

"చెప్పలే అక్కా."

"నేను అబద్ధమాడిన అనుకునే పాయె ఆయిన."

క్షమించమనే మాట నోటిదాకా వచ్చింది కానీ అది అనేది నా కోసమే అవుతుంది. పొయ్యి మీద రొట్టె ఉందని ఆమె ఫోన్ పెట్టేసింది. తర్వాతి ఆదివారం ఎత్తలేదు. ఆ పై ఆదివారం కూడా ఎత్తలేదు. మా కవిత, పెద్దమ్మకు నెట్‌వర్క్ సరిగ్గా లేదేమో అంది. నెట్‌వర్క్ బాగానే ఉందని నాకు తెలుసు.

మూడో ఆదివారం ఆమే చేసింది. మోకాళ్ళ నొప్పి గురించి, కోతులు చిక్కుడు పందిరి పీకిన సంగతి గురించి పావుగంట మాట్లాడింది. నేను ఊఁ కొట్టాను. పెట్టేసే ముందు అడిగింది.

"ఆ పిల్ల చేసిన బండి ఉన్నదా, పారేసిండ్రా?"

"ఉన్నది."

"వచ్చేటప్పుడు తే. నువ్వు చేసేది నాకొద్దు. గదే తే. రెండో ఎద్దును కట్టకు."

సరేనన్నాను. నా మీద కోపం పోయిందో లేదో అడగలేదు. పోలేదనే అనుకుంటున్నాను, పోవాల్సిన పని కూడా లేదు. సహస్రను అడిగితే ఇస్తానంది కానీ, వచ్చే శనివారం తనకు ఇంకొకటి చేసుకోవడం నేర్పాలని షరతు పెట్టింది. హదీజా దగ్గర దంట్లు ఇంకా అర మోపు ఉన్నాయి. పంటి పని సహస్రది, గుచ్చే పని నాది అని పంచుకున్నాం.

ఈ మాఘంలో పోతాను. ఇప్పుడు మా ఊళ్ళో జొన్న వేసేవాళ్ళు లేరు. నల్లరేగడి అంతా పత్తి, సోయా. ట్రాక్టరుకు మేత అక్కర్లేదు కాబట్టి దొడ్లో వామి లేదు, వామి లేదు కాబట్టి దాంట్లో చెయ్యి పెట్టి చల్లదనం చూసే మనిషీ లేదు. మా ఇంట్లో కొట్టం పడగొట్టి ఆ జాగాలో అక్క కొడుకు మోటార్ సైకిళ్ళు పెట్టుకునే రేకుల షెడ్డు వేశాడు. తల వంచి నడిచే ఆ మైల ఎద్దును చూసిన వాళ్ళలో ఇప్పుడు మిగిలింది అక్కా నేనూ ఇద్దరమే. సహస్ర బండిని చెప్పుల డబ్బాలో పాత చీర ముక్క చుట్టి పెట్టింది. బెండు కదా, బరువేమీ లేదు. అయినా దాన్ని పెట్టెలో వేయను, ఒళ్ళోనే పెట్టుకుని పోతాను.